ఊడ్చిన అడవి

తూకానికి 212 రోజులు. పుష్యం.

ఈ దినచర్య కొండలు అప్పగించే మండలి వాళ్లు చదువుతారు, కాస్త నోరు అదుపులో పెట్టుకుని రాయమని మా తమ్ముడు దానయ్య పొద్దున్నే హెచ్చరించాడు. చదవనీ. నడిపేట కొండకు పన్నెండేళ్లుగా కాపరిని నేను, ఓలేటి చిన్నతల్లిని. దాచుకోవాల్సిన సంగతి ఒక్కటీ లేదు.

ఈ రోజు పని: పైవాలులో ఎనిమిది ఓక్ చెట్లకు మొలతాళ్లు వదులు చేశాను. గుండె ఎత్తున చెట్టు చుట్టూ ఉండే పట్టీని మేము మొలతాడే అంటాం. చెట్టు లావెక్కితే అది బిగుసుకుని తప్పుడు కొలత పంపుతుంది. మొలతాడు చుట్టుకొలత చెబుతుంది, దానయ్య ఎగరేసే కెమెరా యంత్రం, మేము గద్ద అంటాం, పైనుంచి ఎత్తు చూస్తుంది, రెండూ కలిపితే చెట్టు బరువు. చెట్లన్నీ కలిపితే అడవి బరువు. పదేళ్లకోసారి తూకం రోజున ఆ బరువు మండలికి చూపించాలి. పెరిగితే కొండ మనది. తగ్గితే వేరే వాళ్లది, మనం మళ్లీ మూటలు కట్టుకోవడమే.

మాది ఎన్నడూ తగ్గలేదు. పోయిన తూకంలో హెక్టారుకు 341 టన్నులు, ఇప్పుడు 388. పక్క కొండవాళ్లు 290 దాటితే పండగ చేసుకుంటారు. పైగా మా అడవిలో నేల మీద ఒక్క ఎండుటాకు కనపడదు. ఏటా ఎవరి చెట్టు కింద నేల బాగుంటే వాళ్లకు ఇత్తడి దీపం ఇచ్చే పద్ధతి నేనే పెట్టాను. పెట్టి ఎనిమిదేళ్లయింది. ఎవరైనా చూసి ఇది అడవా, పెళ్లింటి వాకిలా అనాల్సిందే.

ఈసారి ఫారంలో కొత్త గడి ఒకటి ఉంది. మోకాలి కంటే పొట్టి ఓక్ మొక్కలెన్ని? అవి గద్ద కంటికి ఆనవు కాబట్టి చేత్తో లెక్కపెట్టాలట.

"నాలుగొందలని రాసీద్దామక్కా," అన్నాడు దానయ్య. "అడివన్నాక మొక్కలుండవేటి?"

"నెక్కెట్టే రాద్దాం. నాలుగొందలేటి, ఎయ్యి దాటతాయి సూడు," అన్నాను.

తూకానికి 209 రోజులు.

పది చోట్ల పది అడుగుల తాడుతో చదరాలు వేసి లెక్కపెట్టాలి. మొదటిది పేర్ల చెట్ల మధ్య వేశాను.

మండలివాళ్లకు పేర్ల చెట్ల సంగతి తెలియదు కాబట్టి రాస్తున్నాను. అరవై ఏళ్ల కిందట సముద్రం నడిపేటను మింగేస్తే మావాళ్లు వంటగిన్నెలూ వలలూ పట్టుకుని ఎక్కడో ఉత్తరాన ఉన్న ఈ చలి కొండకొచ్చారు. అప్పటికే ఇక్కడ ముసలి ఓక్ చెట్లున్నాయి. సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రానివాళ్లకు మాలో సమాధులుండవు, శవం దొరికితే కదా. అందుకని పెద్దవాళ్లు ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్కరి పేరు పెట్టారు. అలా మూడొందల పన్నెండు చెట్లు. ప్రతి శుక్రవారం పొద్దున ఎవరి చెట్టు కింద వాళ్లు మట్టి కనపడేదాకా ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేస్తారు. ఊడ్చిన ఆకు గంపలతో పశువుల పాకల్లోకి వెళ్తుంది. మా మేనత్త సూరాడ పైడితల్లి ఇప్పటికీ అందరికీ చెబుతుంది, పోయినోడు ఇంటికొస్తే ముంగిలి శుభ్రంగా ఉండాలి, చెత్తలో అడుగుపెట్టడు అని. అత్తకు ఎనభై రెండు. ఎర్రయ్య మామ వేటకెళ్లి రాలేదు, అప్పటికి వాళ్ల పెళ్లయి మూడు నెలలు. పిల్లల్లేరు. మళ్లీ పెళ్లి మాటెత్తితే చీపురు తిరగేసేదట. ఇత్తడి దీపం ఎనిమిదిసార్లలో ఐదుసార్లు అత్తకే వచ్చింది.

మొదటి చదరంలో మొక్కలు: సున్న. నీడ ఎక్కువైంది కాబోలు. రెండో చదరం: సున్న. మూడోదాంట్లో ఒకటి దొరికిందని సంబరపడి వంగి చూస్తే ముళ్లకంప.

తూకానికి 203 రోజులు.

పది చదరాలూ అయ్యాయి. సున్నలు పదీ వరసగా కూర్చుని నన్ను వెక్కిరిస్తున్నాయి. మోకాళ్లు దోక్కుపోయాయి. కొండముచ్చుల వల్లే ఇదంతా అని తేల్చేశాను. రాలిన కాయలన్నీ అవే బొక్కేస్తున్నాయి. వాటిని నాలుగు తిట్లు తిట్టి, ఫారంలో "కొండముచ్చుల బెడద" అని రాసేశాను. రాశాక హాయిగా అనిపించింది.

తూకానికి 198 రోజులు.

హాయి పోయింది.

జారుడు వాలు అని మా కొండకు తూర్పు పక్క ఒక చోటుంది. నిలబడితే జారిపోయేంత ఏటవాలు. అక్కడి చెట్లకు పేర్లు లేవు, ఎవరూ వెళ్లరు. ఒక మొలతాడు కొలత పంపడం మానేసిందని నడుముకు తాడు కట్టుకుని దిగాను. ఆకు చీలమండదాకా ఉంది. కాలు జారింది. పిర్రల మీద పది బారలు జారి, చేతికి అందినదేదో పట్టుకుని ఆగాను. చూస్తే వేలంత మొక్క. ఆకు అంచున ముళ్లు, ఆకు కింద తెలుపు. ఓక్ పిల్ల.

పక్కన ఇంకోటి. దాని పక్కన మూడు. అక్కడే చదరం వేసి లెక్కపెట్టాను, అరవై మూడు. ఆకుల్లో చెయ్యి దూరిస్తే లోపల చల్లగా, తడిగా ఉంది. ఈ చలికాలంలో మేము ఊడ్చే ముంగిళ్ల మట్టి ఎండి పెంకులా ఉంటుంది, ఇక్కడ పిండిలా ఉంది.

కొండముచ్చులు ఇక్కడా ఉన్నాయి. ఎండ ఇక్కడా కాస్తుంది. ఇక్కడ లేనిది చీపురొక్కటే.

తూకానికి 197 రోజులు.

కాపరి పుస్తకంలో ఒక పరీక్ష ఉంది. కాయల్ని నీళ్లలో వెయ్యాలి. లోపల ఎండిపోయిన కాయ తేలుతుంది, ప్రాణమున్నది మునుగుతుంది. ఓక్ కాయకు ఎండ పడదు, వారం పది రోజులు వట్టి నేల మీద పడి ఉంటే చచ్చిపోతుంది. పన్నెండేళ్లుగా ఆ పుస్తకం నా తల దగ్గరే ఉంది. బరువు లెక్కల పేజీలు నలిగిపోయాయి, ఈ పేజీ కొత్తగా ఉంది.

ముంగిళ్ల నుంచి ఏభై కాయలు, జారుడు వాలు నుంచి ఏభై కాయలు. ముంగిళ్లవి నలభై తొమ్మిది తేలాయి. జారుడు వాలువి నలభై ఒకటి మునిగాయి.

కాబట్టి మా 388 టన్నులు ముసలివాళ్ల బరువు. మేమొచ్చాక పేర్ల చెట్ల కింద ఒక్క పిల్ల పుట్టలేదు. ఉయ్యాల కట్టని ఇంట్లో పెద్దవాళ్లు లావెక్కుతుంటే బాగుంది బాగుంది అని పద్దు రాసుకున్నాం. ఈ చెట్లు పడిపోయే కాలానికి కింద ఎవరూ ఉండరు, కొండ ఊట ఇంకిపోతుంది, మా మనవలు మూటలు కట్టుకుంటారు. ఊడ్చినవాళ్లకు దీపాలు పంచింది నేను. సిగ్గేసింది. రాస్తున్నాను, మండలి చదివితే చదవనీ.

తూకానికి 190 రోజులు. శుక్రవారం.

పొద్దున ఊరంతా చీపుళ్లతో వచ్చేసరికి ఎర్రయ్య మామ చెట్టు ముందు నీళ్ల బిందె పెట్టుకుని కూర్చున్నాను. సంగతి చెప్పాను, దీపాల తప్పు నాదేనని కూడా చెప్పాను. కొందరు ఊ కొట్టారు. పైడితల్లి అత్త చీపురు నేలకు ఆనించి నిలబడింది.

"అరవై ఏళ్లు ఊడిసేను. ఇప్పుడు ఒగ్గీమంటావేటే గుంటా? ఆడొచ్చి ఈ సెత్త సూసి, నన్ను మర్సిపోనాదనుకోడా?"

"నీ సెట్టు కాయలు ఇరవై ఏరియ్యత్తా," అన్నాను. ఏరి ఇచ్చింది. బిందెలో వేశాను. ఇరవై తేలాయి. అవి తీసేసి జారుడు వాలు కాయలు ఇరవై వేశాను. పదిహేడు బుడుంగున మునిగి అడుగున కూర్చున్నాయి.

"ఏటిది?" అంది అత్త.

"తేలినియ్యి సచ్చిపోనాయత్తా. మునిగినియ్యే బతికున్నాయి."

ఆ మాట అన్నాక గానీ ఎవరితో అంటున్నానో నాకు తెలియలేదు. అక్కడున్న ప్రతి ఇంట్లోనూ ఒక మునిగినవాడున్నాడు. అత్త బిందెలోకి తొంగి అడుగున ఉన్న కాయల్ని చూసింది.

"సముద్రంలో అలగ కాదులే," అని, చీపురు తీసుకుని తన చెట్టు కింద ఊడ్చుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఆ రోజు ఊడవలేదు.

తూకానికి 168 రోజులు. మాఘం.

పాకల్లోంచి ఆకు వెనక్కి మోస్తున్నాం. నా నడుము నా మాట వినడం మానేసింది. గాలికి ఆకు కొట్టుకుపోతుంటే ఏం చేద్దామా అని తల పట్టుకుంటే, అటకల మీద అరవై ఏళ్లుగా ముడుచుకుని ఉన్న వలలు దింపుదామని దానయ్యే అన్నాడు. మావాడికి అప్పుడప్పుడు బుర్ర పనిచేస్తుంది. ఆకు పరిచి పైన వల వేసి అంచులకు రాళ్లు పెడుతున్నాం. ఆకు కదలదు, కొండముచ్చు చెయ్యి దూరదు. జారుడు వాలు కాయలు తెచ్చి ప్రతి వల కిందా గుప్పెడు వేశాం.

మూడొందల పదకొండు చెట్ల కింద వలలు. ఒక్క చెట్టు కింద ముగ్గు. ఆపమని చెప్పే హక్కు కాపరిగా నాకుంది. చెప్పలేదు.

తూకానికి 151 రోజులు.

అత్తకు జ్వరమొచ్చి రెండు శుక్రవారాలు మంచం దిగలేదు. ఈ రోజు పొద్దున్న నేను అంబలి తీసుకెళ్లేసరికి మంచం పక్కన చెంబు పెట్టుకుని కూర్చుంది.

"జొరం రాకముందు రోజూ నీల్లలో ఏసీదాన్నే," అంది. "మీ మావ సెట్టుయి. రోజూ తేలిపోయీయి. నాను పడుకున్న ఈ రెండు వారాలూ ఊడవనేదు కదా. నిన్న దేక్కుంటా ఎల్లి ఆకు కింద ఏరేను. సూడు."

చెంబు అడుగున నాలుగు కాయలున్నాయి.

అంబలి తాగాక పెట్టె తెరిచింది. అందులోంచి వల తీసింది. పెళ్లయిన కొత్తలో మామ నేసుకున్నదట. నీళ్లలో దింపే ముందే ఆయన వేరేవాళ్ల వలతో వెళ్లి మరి రాలేదు. ఇన్నేళ్లూ ఆ వల తడవలేదు.

"ఇది పరిసీవే. అంచుల కాడ రాళ్లు గట్టిగా ఎట్టు. నీది మెతక సెయ్యి," అంది. నాది మెతక చెయ్యట. పన్నెండేళ్ల కాపరిని. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఆపుకోలేదు.

తూకానికి 104 రోజులు. వైశాఖం.

ఎదురు కొండ మీద పైన్ అడవి అంటుకుంది. ఎండాకాలంలో అది మామూలే. ఇన్నేళ్లూ మా నేల నున్నగా ఉండేది కాబట్టి గుండె మీద చెయ్యేసుకుని పడుకునేవాళ్లం. ఈసారి మా అడవి నిండా ఎండాకు, పైన వలలు. దానయ్య గద్దను ఎగరేసి చూసి, రేపు మధ్యాహ్నానికి మంట మన మీదికొస్తుందన్నాడు. నా వైపు చూసిన చూపులో "ఊడ్చుకున్నా బాగుండేది" అని ఉంది. నోటితో అనలేదు, అంటే ఊరుకునేదాన్ని కాదు.

అప్పుడు పైడితల్లి అత్త చీపురు పట్టుకుని వచ్చింది.

"అడివి సుట్టూరా ఊడిసీండి. లోపల కాదు, సుట్టూరా. ఇరవై అడుగులు. మట్టి కనపడాల."

అరవై ఏళ్ల చీపురు చెయ్యి అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఊళ్లో ఆడా మగా అందరం వరసగా నిలబడి సాయంత్రానికి కొండ చుట్టూ ఒక ముంగిలి ఊడ్చేశాం. మర్నాడు మంట వచ్చింది. ఆ వట్టి మట్టి దాకా వచ్చి, తినడానికేమీ దొరక్క ఆగిపోయింది. చీపురుకు పని దొరికింది, దాని చోటు అది.

జారుడు వాలులో నిలబడి ఊడ్చే వీలు లేదు కదా, అక్కడ దాని పై అంచునే ఊడ్చాం. ఆ అంచు కింద నేల మీది ఆకంతా కాలింది. నా అరవై మూడు మొక్కల చదరం బూడిదైంది. కొత్త గడిలో రాయగలిగినవి అవొక్కటే.

తూకానికి 41 రోజులు. ఆషాఢం.

పది రోజులుగా వాన. ఈ రోజు వలలు కొద్దిగా ఎత్తి చూశాం.

మొలకలు. ఎర్రటి కాడ, పైన రెండాకులు, కొన్నింటికి మూడు. ప్రతి చెట్టు కిందా కాదు, ఎక్కువ చెట్ల కింద. దానయ్య లెక్కపెడుతూ పెడుతూ పాట అందుకున్నాడు. వాడి గొంతుకు వాన ఆగిపోతుందేమోనని భయపడ్డాను.

ఆ తర్వాత ఫారం వెనక ఉన్న నిబంధన చదివాను. ఒక చలికాలం దాటని మొలకను లెక్కలో వెయ్యకూడదు.

"నాలుగొందలని రాసీద్దామక్కా," అన్నాడు దానయ్య. "ఇప్పుడు అబద్దం కూడా కాదు. సలికాలం దాటినాయో నేదో మొక్కనడుగుతారేటి ఆల్లు?"

వాడు ఆశపడి అంటున్నాడు. మళ్లీ మూటలు కట్టుకోవాలంటే నాకూ భయమే. కానీ ఉన్న బరువుకు మురిసి లేని పిల్లల్ని చూడకపోవడం ఒకసారి చేశాను, అది చాలు. గడిలో సున్న రాశాను. కొండముచ్చుల మాట కొట్టేసి, కింద ఎందుకు సున్నో రాశాను: ఊడ్చాం. ఊడ్చినవాళ్లకు కాపరి దీపాలిచ్చింది. ఇప్పుడు మానేశాం.

సంతకం పెట్టాను.

తూకం రోజు. శ్రావణం.

మండలి నుంచి హంసా నేగీ అనే ఆమె వచ్చింది. ఈ కొండల్లో పుట్టిన మనిషి, చకచకా నడుస్తుంది. మెడలో మాట మార్చే పట్టీ ఉంది. ఆమె తన భాషలో మామూలుగానే మాట్లాడుతుంది, పట్టీ మాత్రం హరికథ చెప్పినట్టు తెలుగు చెబుతుంది.

బరువు 391. తల ఊపింది. ఫారం తిప్పి సున్న చూసింది. నేను రాసినదంతా రెండుసార్లు చదివింది. మా ఊరంతా వాన జల్లులో నిలబడి ఆమె ముఖం వంకే చూస్తున్నాం.

"ఈ మాసమున పదునొకండు కొండలు దర్శించితిని," అంది పట్టీ. "అన్నింటను నాలుగు వందలని లిఖించి యున్నది. నేను వెదకగా ఒక్కటియు కానరాలేదు."

దానయ్య నేల చూపులు చూశాడు.

"సున్న లిఖించినవారు మీరొక్కరే. మూడు చలికాలముల పిమ్మట మరల వచ్చెదను. అప్పుడు బరువు అడుగను, పిల్లలను లెక్కించెదను. అంతవరకు కొండ మీది."

మూడు చలికాలాలు. అంతే ఇచ్చింది. నాకది చాలు. రాసి ఇమ్మంటే ఇప్పుడే రాసిస్తాను, మా మొక్కలు నిలబడతాయి.

మొలకల్ని చూపించమంది. దగ్గర్లో ఉన్నది ఎర్రయ్య మామ చెట్టే. దాని కింద ఆకులు ఎలా రాలినవి అలాగే ఉన్నాయి, వల మీద వాన చుక్కలు నిలిచాయి, ముగ్గు మాత్రం వల అంచు బయట చుట్టూ ఉంది. హంస ముందుకు అడుగేసేలోగా పైడితల్లి అత్త కర్ర అడ్డం పెట్టింది.

"సూసి అడుగెయ్యమ్మా. పిల్లలున్న ఇల్లు."

పట్టీ ఆ మాటను ఏం మార్చి చెప్పిందో తెలియదు. హంస అక్కడే ఆగి, చెప్పులు విడిచి, ముగ్గు బయటే గొంతుక్కూర్చుంది. అత్త వంగలేక వంగి, వల అంచు ఎత్తి, కర్రతో ఒక్కొక్కటే చూపించింది. లెక్క పదకొండు దగ్గర ఆగింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టించింది. పదకొండే.

"రాయే," అంది నాతో.

"గడిలో రాయకూడదత్తా. సలికాలం దాటాల."

"గడిలో ఎవలు రాయమన్నారు? పక్కన రాయి."

హంస వైపు చూశాను. ఆమె ఫారం నా చేతికిచ్చింది. గడిలో సున్న అలాగే ఉంచి, పక్కనున్న ఖాళీలో అత్త చెప్పింది చెప్పినట్టు రాశాను: సూరాడ ఎర్రయ్య, సూరాడ పైడితల్లి. పిల్లలు పదకొండుమంది.